డ్రమ్ము మీద తువ్వాలు

చిన్నోడా,

అమ్మ దీవెనలు. ఇక్కడ మేమంతా బాగానే ఉన్నాం. ఉత్తరం అన్నాక మొదట ఆ మాట రాయాలి కాబట్టి రాశాను. పెద్దోడు లేని ఇంట్లో బాగుండటం అంటే ఏమిటో నీకూ తెలుసు. పొద్దున్నే లేస్తున్నాం, పొయ్యి వెలిగిస్తున్నాం, పనికి పోతున్నాం, సాయంత్రం వచ్చి తాళం తీసుకుంటున్నాం. అంతమటుకు బాగానే ఉన్నాం.

నీ ఉత్తరం, దాంతోపాటు పంపిన క్యాసెట్టు అందాయి. నా రాత సంగతి తెలుసుగా, కోడి గీకినట్టు ఉంటుంది. చదువుకున్నది కాస్తంత, అందులో మరిచిపోయింది బోలెడంత. ఓపిగ్గా చదువుకో. అర్థం కాని చోట పైకి చదువు, నేను మాట్లాడినట్టే ఉంటుంది.

నువ్వడిగినవాటికి జవాబు చెబుతాను. నా మోకాళ్ళు అలాగే ఉన్నాయి. మెట్లెక్కేటప్పుడు అవొకటంటాయి, నేనొకటంటాను. పైన నీళ్ళ ట్యాంకు కారడం ఆగలేదు. ఇంటి ఓనరు వచ్చి తలెత్తి చూసి, "వానాకాలం పోయాక చూద్దాంలే అమ్మా" అన్నాడు. వానాకాలం రాకముందూ కారిందిగా అన్నాను. "అప్పుడు వానాకాలం వస్తే ఎలా కారుతుందో చూసి చేయిద్దామనుకున్నాను" అన్నాడు. అలాంటి మనిషితో ఏం వాదిస్తాం, కింద బక్కెట్టు పెట్టుకున్నాను. పాప బడికి వెళుతోంది. ముందుపన్ను ఊడింది. నవ్వితే అచ్చం మీ అన్నే. దాని జ్వరం సంగతి అడిగావు, అది తర్వాత రాస్తాను. మీ వదిన ఇంకొన్నాళ్ళు ఇక్కడే ఉంటుంది. మీ ఆర్కెస్ట్రా మాస్టారికి ఆ మాట చెప్పు.

మీ వదిన లేకపోయినా ఆర్కెస్ట్రా ఆగలేదని రాశావు. హోటలు హాల్లో రోజూ ప్రోగ్రాం నడుస్తోందనీ, వదిన చోట మాస్టారు ఒక కొత్తమ్మాయిని పెట్టాడనీ రాశావు. "గట్టి గొంతమ్మా, నేనెంత కొట్టినా తట్టుకుంటోంది" అని కూడా రాశావు. ఆ మాట మళ్ళీ వెనక్కి వెళ్ళి చదువుకున్నాను.

ఇక చివర్లో అడిగావు చూడు, "అమ్మా, నేను అన్నలా వాయిస్తున్నానా?" అని. దానికి జవాబు రాయలేకే ఇన్నాళ్ళు ఉత్తరం ఆలస్యం చేశాను.

క్యాసెట్టు, అదే మీ వదిన ఇక్కడికి రాకముందు ప్రోగ్రాంది, కింద వాటా దర్జీ దగ్గర విన్నాం. ఆయన దగ్గర టేపురికార్డరు ఉంది కదా. మీ వదిన రాలేదు, తలనొప్పి అని పడుకుంది. పాపా నేనూ వెళ్ళాం. ఆయన కుట్టుమిషను ఆపి, చెవిలో పెన్సిలు సర్దుకుని, మీట నొక్కాడు. నీ డ్రమ్ములు మొదలయ్యేసరికి కత్తెర తీసి బల్ల మీద తాళం వేయడం మొదలుపెట్టాడు. "అబ్బబ్బ, ఏం కొట్టాడమ్మా మీవాడు! పిడుగులే! మా షాపు రేకులు ఎగురుతున్నాయి చూడండి" అన్నాడు. నాకూ కడుపు నిండింది, అబద్ధం ఎందుకు చెప్పాలి. నా కొడుకు చెయ్యి అది. తర్వాత మీ వదిన పాట అందుకుంది. అప్పుడు పాప నా చీర కొంగు లాగి, "నానమ్మా, అమ్మ అంత గట్టిగా ఎవర్ని పిలుస్తోంది?" అని అడిగింది.

దర్జీ కత్తెర ఆగిపోయింది. ఆయనే టేపు కట్టేశాడు. మేం మెట్లెక్కి వచ్చేశాం.

నువ్వు అన్నలా వాయించడం లేదు చిన్నోడా. వేగం నీదే. వాడే అనేవాడు, "తమ్ముడి చెయ్యి నాకు రాలేదమ్మా, నేను నడిచే దారిలో వాడు పరిగెత్తగలడు" అని. అందులో అసూయ లేదు. నువ్వు మోటారు షెడ్డులో రేకుల మీద స్పానర్లతో వాయిస్తుంటే దూరంగా నిలబడి వినేవాడట, నీకు కనపడితే ఆపేస్తావని. అయితే వాడు వాయించేది వేరు.

ఒకసారి మీ అన్నావదినల ప్రోగ్రాం చూద్దామని వెళ్ళాను. నువ్వప్పుడు షెడ్డులో పనిలో ఉన్నావు. హాల్లో వెనక వరసలో కూర్చున్నాను. పాటంతా అయ్యాక నా పక్కావిడ కళ్ళు తుడుచుకుని, "ఆ పిల్ల ఎంత బాగా పాడిందండీ, గుండె పిండేసింది" అంది. డ్రమ్ములు వాయించినవాడి మాట ఎత్తలేదు. ముందు వరసలో ఎవరూ ఎత్తలేదు. నాకు ఒళ్ళు మండింది. బయటికొచ్చాక మీ అన్నతో అన్నాను, "ఒక్కరైనా నీ పేరెత్తారట్రా? కన్నదాన్ని నాకే నువ్వు కనపడలేదు" అని. వాడు నవ్వి, "పాట కనపడిందా లేదా?" అన్నాడు. కనపడింది అన్నాను. "ఇంకేం మరి" అని పెద్ద డ్రమ్ము భుజానికెత్తుకుని వ్యాను వైపు పోయాడు. ఆ మాట అప్పుడు నాకు తలకెక్కలేదు.

వాళ్ళ కీబోర్డతను వాడిని ఎంత ఏడిపించేవాడో నీకు తెలుసు. "బావా, వాయిస్తున్నావా, దుమ్ము దులుపుతున్నావా?" అనేవాడు. "దుమ్ము దులుపుతున్నాను బావా, నువ్వు పోస్తున్నావుగా" అనేవాడు మీ అన్న. మీ వదిన చెప్పింది, వాడు వాయించేటప్పుడు తన చేతుల వంక చూసుకునేవాడు కాదట. ఆమె భుజం వంక చూసేవాడట. భుజం కొంచెం లేచిందంటే ఊపిరి తీసుకోబోతోందని. ఆ ఊపిరి తీసుకునేంతసేపు తను ఒక చిన్న దెబ్బ వేసి పాట పడిపోకుండా పట్టుకుని, ఆమె మళ్ళీ ఎత్తుకోగానే తను తగ్గేవాడట. "అత్తయ్యా, ఆయన వెనకుంటే గోడకి ఆనుకుని పాడినట్టుండేది" అంది.

నా లాండ్రీ పని భాషలో చెబుతాను. బట్టకి గంజి ఎందుకు పెడతాం? బట్ట నిలబడటానికి. గంజి బాగా కుదిరితే ఎవరూ గంజి బాగుందనరు, చీర బాగుందంటారు. ఎక్కువైందనుకో, చీర తనంతట తనే నిలబడుతుంది, కట్టుకుంటే మాత్రం ఒళ్ళు గీరుకుపోతుంది.

ఇప్పుడు తువ్వాలు సంగతి. "అన్న తువ్వాలు నా పెట్టెలో అడుగున భద్రంగా పెట్టానమ్మా, ఎవర్నీ ముట్టుకోనివ్వను, ప్రోగ్రాం ముందు ఒకసారి తీసి కళ్ళకద్దుకుంటాను" అని రాశావు. చదివి ఎంత ఏడ్చానో చెప్పలేను. ఏడుపయ్యాక కోపమొచ్చింది, నీ మీద కాదు. ఆ తువ్వాలు వాడు చెమట తుడుచుకునేది అనుకున్నావు. కాదు నాన్నా. అది డ్రమ్ము మీద వేసేది. మా లాండ్రీలో అంచు చిరిగి పక్కన పడేసిన ఆసుపత్రి తువ్వాలు. మీ వదిన పాడే పాటలకి దాన్ని మడిచి ముందున్న డ్రమ్ము మీద పరిచి, దాని మీద వాయించేవాడు. పెద్ద డ్రమ్ములో పాత దుప్పటి కుక్కేవాడు. ఆమెది సన్నటి గొంతు. అందం ఉన్నదే ఆ సన్నదనంలో. గొంతు పెంచితే అది ఇంకెవరిదో అయిపోతుంది. ఆ రోజు వ్యాను బోల్తా పడినప్పుడు వాడు వెనక కూర్చుని డ్రమ్ములు దొర్లిపోకుండా కాలు అడ్డం పెట్టుకుని ఉన్నాడు. డ్రమ్ములకి ఒక్క గీత పడలేదు. దుప్పటి రక్తమైందని ఎవరో తీసి పారేశారు. తువ్వాలు మిగిలితే, వాడి చోట వాయించడానికి వెళ్ళిన నీకిచ్చారు. నువ్వు ప్రేమకొద్దీ పెట్టెలో దాచావు. అదేంటో నీకెవరూ చెప్పలేదు. నీ తప్పేముంది.

వాడికా అలవాటు ఎక్కడిదో కూడా చెప్పాలి. ఇది నీకెప్పుడూ చెప్పలేదు. చెప్పే అవసరం రాలేదు, చెబితే నవ్వుతావేమోనని కూడా.

నేను పాడేదాన్ని చిన్నోడా.

నవ్వావా? నవ్వుకో. వీధిలో పిల్లలు "మీ ఇంట్లో ఇద్దరు నాన్నలున్నార్రా" అని నా గొంతు మీద వేళాకోళమాడితే నువ్వు వాళ్ళని కొట్టి, చొక్కా చింపుకుని వచ్చావు గుర్తుందా? నువ్వు పుట్టేసరికే నాకీ గొంతుంది. దీంతోనే పుట్టాననుకుని ఉంటావు. మీ అన్న పసివాడిగా ఉన్నప్పుడు నా గొంతు వేరు. లాండ్రీలో అప్పుడు అంతా తొట్లలో చేత్తో ఉతికేవాళ్ళం. నేను పాడుతుంటే ఆడవాళ్ళంతా దానికి తగ్గట్టు పిండేవాళ్ళు. తర్వాత పెద్ద మిషన్లు వచ్చాయి. పక్కనున్న మనిషిని పిలవాలన్నా కేకే. నేను మొండిదాన్ని, పాట మానలేదు. మిషను మీద నుంచి వినపడాలని పాడాను. ఇంకా గట్టిగా పాడాను. మీ అన్న మడతల బల్ల కింద ఆడుకుంటూ ఉండేవాడు. ఒకరోజు తడి తువ్వాలు ఒకటి ఈడ్చుకొచ్చి, మిషను మూత మీద వేసి, రెండు చేతులతో అదిమిపట్టి, "ఉష్, మా అమ్మ పాడుతోంది" అని దాన్ని కసిరాడు. అందరూ పడీపడీ నవ్వారు. నేనూ నవ్వాను. మిషను ఆగుతుందా? కొన్నాళ్ళకి నా గొంతు బొంగురుపోయింది. జలుబనుకున్నాం. ఆ పాత గొంతు మళ్ళీ రాలేదు. ఏడ్చేంత పెద్ద విషయం కాదనుకున్నాను, తిండి పెట్టేది చేతులు కదా, గొంతు కాదు కదా. వాడు మాత్రం మరిచిపోలేదు. పెద్దయ్యాక డ్రమ్ముల దగ్గర కూర్చున్న మొదటి రోజే తువ్వాలు అడిగి తీసుకుపోయాడు. ఎందుకురా అంటే, "ఉత్తినే" అన్నాడు.

ఇక దాచలేను. పాపకి జ్వరం రాలేదు. మీ వదిన ఇక్కడికి వచ్చింది గొంతు డాక్టరు కోసం.

డాక్టరమ్మ గొంతులోకి అద్దం పెట్టి చూసింది. చేతులకి కాయలు కాసినట్టే గొంతులోనూ కాస్తాయట. మీ వదినకి కాశాయి. నీ చేతుల మీద కాయలు చూసి చప్పట్లు కొడుతున్నారు, దాని గొంతులో కాయలు ఎవరికీ కనపడవు. "నేను చెప్పేదాకా ఒక్క మాట మాట్లాడొద్దు, గుసగుసలు కూడా వద్దు. తగ్గితే అదృష్టం. తగ్గకపోతే కోయాలి. కోశాక ఈ గొంతే ఉంటుందని నేను మాటివ్వలేను" అంది. తగ్గితే మళ్ళీ పాడొచ్చా అని నేనే అడిగాను. "పాడొచ్చు. అరవాల్సి వస్తే మాత్రం వద్దు" అంది.

ఇప్పుడు మీ వదిన పాప పలక మీద రాసి మాట్లాడుతోంది. నేను కూడబలుక్కుని చదివేలోపు చెరిపేసి ఇంకోటి రాస్తుంది. "ఆగవే తల్లీ, నేనింకా మొదటి అక్షరం దగ్గరున్నాను" అంటే గొంతు లేకుండా నవ్వుతుంది. భుజాలు మాత్రం కదులుతాయి. పాప ఇదంతా ఆట అనుకుని అదీ మాట్లాడటం మానేసింది. ఇంట్లో ట్యాంకు నీళ్ళు బక్కెట్లో పడే చప్పుడు తప్ప ఇంకేమీ లేదు.

నీకు చెప్పొద్దని రాసింది. "మరిదికి చెప్పకండి అత్తయ్యా" అని. ఎందుకే అన్నాను. "కొట్టేటప్పుడే మనిషిలా ఉంటున్నాడు. ఆపితే పడిపోతాడు" అని రాసింది. అక్కడ పాట మధ్యలో ఎన్నోసార్లు నీ వైపు తిరిగి చూసిందట. నువ్వు కళ్ళు మూసుకుని వాయిస్తూ ఉన్నావట. మరి నీ సంగతేమిటే, నీ గొంతు పోతే పాపనేం చేస్తావు అన్నాను. పలక తుడిచి పాపకిచ్చేసి, లేచి బట్టలు ఆరేయడానికి పోయింది.

ఇంకోటి కూడా ఉంది. మాస్టారు కొత్తమ్మాయినే ఉంచేద్దామని చూస్తున్నాడట. కీబోర్డతను మీ వదినకి కబురు పంపాడు. జనం నీ డ్రమ్ములకి ఈలలు వేస్తున్నారు, వాటికి ఆ పిల్ల గొంతు సరిపోతోంది, ఇక ఈ పాత గొంతు ఎందుకు అంటున్నాడట మాస్టారు. ఆ పిల్లని ఏమీ అనకు. దాని గొంతు మాత్రం ఎన్నాళ్ళు తట్టుకుంటుంది? ఏదో ఒక ఊళ్ళో దానికీ ఒక అమ్మ ఉంటుంది.

నువ్వు రాశావు, "కొట్టేటప్పుడు నాకేమీ వినపడదమ్మా, అదొక్కటే సుఖం. చెయ్యి ఆగిందా, ఆ సందులోంచి అన్న వచ్చేస్తాడు" అని. నేను నిన్ను తప్పుపట్టలేను. నేనేం చేశానో తెలుసా? వయసైందని సూపర్వైజరు నన్ను మడతల గదిలో కూర్చోపెట్టాడు కదా. మీ అన్న పోయాక నేనే వెళ్ళి మళ్ళీ మిషన్ల దగ్గర వేయమన్నాను. "అదేంటమ్మా, ఆ హోరులో ఏం సుఖం?" అన్నాడు. ఆ హోరే కావాలి నాయనా అన్నాను. మడతల గదిలో గాలి చప్పుడు కూడా వినపడుతుంది. దుప్పటి మడతపెడుతూ రెండో కొస పట్టుకోమని ఎవరినో పిలవబోతాను. చిన్నప్పుడు వాడే పట్టుకునేవాడు. అందుకని పారిపోయి మిషన్ల వెనక దాక్కున్నాను. నువ్వు డ్రమ్ముల వెనక దాక్కున్నావు. తల్లీ కొడుకులం ఒకటే బుద్ధి.

కానీ చిన్నోడా, నేను మిషన్ల దగ్గర నిలబడితే పోయేవి నా చెవులే. నీ ముందు ఒక మనిషి నిలబడి పాడుతోంది. నీకు వినపడకపోతే నీకు సుఖమే. వినపడకుండా పాటకెలా వాయిస్తావు?

రేపు వెళ్ళి మళ్ళీ మడతల గదికి పంపమని అడుగుతాను. నేను ముందు కూర్చుంటేనే కదా నిన్ను కూర్చోమనడానికి నాకు నోరుండేది. ఆ సందులోంచి వాడొస్తే రానీ. వస్తాడు. మొదట్లో భరించలేవు. నేనూ భరించలేనేమో. వాడేం మనకి శత్రువా, తలుపులు బిగించుకోవడానికి?

పెట్టెలోంచి ఆ తువ్వాలు తియ్యి. అది దాచుకునే వస్తువు కాదు, పనిముట్టు. ఎలా మడతపెట్టాలో, ఎక్కడ పరచాలో మీ వదినకి తెలుసు, అక్కడికి వచ్చాక నోరు తెరవకుండా చేత్తో చూపిస్తుంది. ఈలోపు మాస్టారి దగ్గరికి వెళ్ళు. ఈలలు నీకు పడుతున్నాయి కాబట్టి ఇప్పుడు ఆయన నీ మాట వింటాడు, రేపు వినకపోవచ్చు. వదిన కోలుకునేదాకా ఆమె చోటు ఆమెదేనని, వదిన లేని ఆర్కెస్ట్రాలో నేనూ ఉండనని చెప్పు. ఆమె తిరిగి వచ్చాక నువ్వు మెల్లగా వాయిస్తావు. ఈలలు ఆగిపోతాయి. అది నీకు నష్టమే, నాకు తెలుసు. నీ వయసులో ఈల ఎంత తియ్యగా ఉంటుందో కూడా తెలుసు. ఆమె గొంతు బాగుపడుతుందో లేదో డాక్టరమ్మకే తెలియదు. బాగుపడకపోతే నువ్వు ఇదంతా ఊరికే పోగొట్టుకున్నట్టవుతుంది. అయినా చెయ్యమనే అడుగుతున్నాను.

ఈ ఉత్తరం డబ్బాలో వేశాక మీ వదినకి చెబుతాను, మాట తప్పానని. తిడుతుంది. పలక మీద ఎంతని తిడుతుందిలే, ఒక వైపు నిండితే ఆగాల్సిందే కదా.

నాకున్న భయం ఒకటే. మీ అన్నని పంపించి వచ్చాక నువ్వు గోడ వైపు తిరిగి పడుకుని, ఎంత బతిమాలినా ముద్ద నోట పెట్టలేదు. నీ నోరు బలవంతంగా తెరిచి నీళ్ళు పోశాను. ఇది చదివి మళ్ళీ అలా పడుకుంటే ఈసారి పక్కన నేను లేను. మీ వదిన గొంతు పాడైందంటే అది ఒక్కడి వల్ల కాలేదు. నేను నీ వేగం చూసి మురిసిపోయాను, మాస్టారు ఈలలు చూసుకున్నాడు, ఆమె నోరు మూసుకుంది. భారమంతా నువ్వొక్కడివే ఎత్తుకోకు. నీ వాటా నువ్వు మొయ్యి, చాలు. దానికి ఒంట్లో సత్తువ కావాలి.

ఇట్లు,
మీ ఇద్దరి అమ్మ

ఉత్తరం మడిచి పక్కన పెట్టి, చేతులు కడుక్కుని, వేడిగా ఉండగానే కడుపునిండా తిను నాన్నా.